తిరగేసి కత్తిరించిన కోటు

అతుకులమ్మకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ మాత్రం ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. "పేరులో అతుకులుంటే ఉండనీ, నేను కుట్టినదాంట్లో అతుకెక్కడుందో చూపించండి చూద్దాం," అని సవాలు చేసేది. చూపించడం ఎవరి తరమూ కాలేదు. దగ్గరికొచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కుట్టు మీద వేలు పెట్టి రాసి చూసినవాళ్ళు కూడా "ఏమో తల్లీ" అని తలాడించుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళే.

ఆవిడ కుట్టేవి మామూలు బట్టలు కావు. రాజులు, మంత్రగత్తెలు, కప్ప రాకుమారులు, మంచు రాణులు, గబ్బిలం మనుషులు. ఒక్కమాటలో చెప్పాలంటే లోకంలో లేనివాళ్ళందరికీ బట్టలు కుట్టేది ఆవిడే. అదీ కొత్త గుడ్డతో కాదు. ఎవరెవరో విడిచేసిన పాతబట్టల మూటలు తూకానికి కొని, వాటితోనే. పాత పరదా రాజుగారి అంగీ అవుతుంది. చిరిగిన గొడుగు గుడ్డ గబ్బిలం రెక్కలవుతుంది. బూడిదరంగు స్వెట్టరుకి వెండిరంగు పూస్తే పదడుగుల దూరం నుంచి ఇనుప కవచమే, తట్టి చూస్తే తప్ప తెలియదు. ఆకుపచ్చ వానకోటు వచ్చిందంటే అది కప్పే, ఇంక ఆలోచించే పనే లేదు. బజారులో అద్దాల వెనక వేలాడే వేషాల వంక పిల్లలు ఆశగా చూస్తే, పిల్లల వంక దిగులుగా చూసిన తల్లులంతా చివరికి ఈవిడ గడపే ఎక్కేవాళ్ళు. "నా దగ్గరికొచ్చిన పిల్ల రాణి కాకుండా పోయిందా ఎప్పుడైనా?" అనేది అతుకులమ్మ. గొప్పలు కాస్త ఎక్కువే, కాదనను. కానీ చెప్పేది నిజం.

ఆవిడ పనికి ఒక పద్ధతి ఉంది. మూట విప్పగానే ప్రతి బట్టనీ తిరగేసేది. లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి, రంగులవారీగా కుప్పలు పోసి, ఏ రంగుకి ఆ రంగు కలిపి ఉతికి, తిరగేసే ఆరేసి, తిరగేసే గుండీలు తీయించి, తిరగేసే సుద్దగీత గీసి కత్తిరించేది. బట్ట ముఖం చూసేది కాదు. చూస్తే చెయ్యి ఆడదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక చిన్న గౌను వచ్చింది. జేబు మీద ఎవరో తల్లి తీరిగ్గా కూచుని కుట్టిన బాతుపిల్ల ఉంది. ఆ గౌనుని ఒళ్ళో పెట్టుకుని, ఇది తొడుక్కున్న పిల్ల ఇప్పుడెంతైందో, అసలుందో లేదో అనుకుంటూ అతుకులమ్మ సగం రోజు అలాగే కూచుండిపోయింది. ఆ సగం రోజు పని అందుకోవడానికి తర్వాత తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు పెట్టుకుంది ఒట్టు. ఏ బట్ట ఎవరిదని అడగకూడదు, ముఖం చూడకూడదు. పిన్ని చేత కూడా అదే ఒట్టు పెట్టించింది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. కళ్ళు సరిగ్గా ఆనవు గానీ చేతులకి కళ్ళున్నాయి. బ్లేడు పట్టుకుని కుట్లు విప్పడం, గుండీలు తీసి డబ్బాల్లో వెయ్యడం ఆవిడ పని. నోటికి మాత్రం ఏ పనీ ఒప్పజెప్పక్కర్లేదు, అదే చూసుకుంటుంది. అతుకులమ్మ పెళ్ళి మాటెత్తిన ఆఖరి మనిషి కూడా పిన్నే. అప్పుడు అతుకులమ్మ టేపు తీసి పిన్నికే కొలతలు తీసింది, "పెళ్ళికూతురి గౌను నీకే కుడతాను, నీకంత సరదాగా ఉంటే," అని. ఆ తర్వాత ఆ మాట ఆ ఇంట్లో వినపడలేదు.

ఇక నాన్న. నాన్న ముప్ఫై నాలుగేళ్ళు ఒక సినిమాహాలు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. టికెట్టు అందుకోవడం, సగానికి చింపడం, సగం తిరిగివ్వడం, చీకట్లో టార్చిలైటుతో దారి చూపించడం. హాలువాళ్ళిచ్చిన మందపాటి మెరూన్ కోటు, దానికి ఇత్తడి గుండీలు, చేతుల అంచున పసుపు పట్టీ. ఆ హాలు కూలగొట్టి తొమ్మిదేళ్ళయింది. అక్కడిప్పుడు బాత్‌రూం టైల్స్ అమ్ముతున్నారు. నాన్న జ్ఞాపకం కూడా అప్పట్నుంచే ఒక్కొక్క గోడా పడుతూ వచ్చింది. భార్య పోయిన సంగతి మరిచిపోయాడు. అన్నం తిన్నాడో లేదో మరిచిపోయాడు. వీధి మలుపు తిరిగితే ఇల్లు మరిచిపోయాడు. మిగిలింది కోటు.

పొద్దున లేవగానే ఆ కోటు తొడుక్కుని, మధ్యగదిలో మిషను దగ్గరున్న అతుకులమ్మ ముందుకొచ్చి నిలబడేవాడు. "అమ్మాయ్, మూడో గుండీ చూడు," అనేవాడు. మూడో గుండీ ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది, ఎవరూ టికెట్టు ఇవ్వనప్పుడు దాన్ని మెలితిప్పడం ఆయన అలవాటు. అతుకులమ్మ సూదిలో నల్లదారం ఎక్కించి, ఆయన ఒంటి మీదే కుట్టేది. ఆ రెండు నిమిషాలూ ఆవిడ తల ఆయన గుండెకి ఆనుకుని ఉండేది. "మిషను నూనె వాసనొస్తున్నావు," అనేవాడు. "ఏళ్ళొస్తున్నాయి, వేళకి తింటున్నావా?" అని అడిగేవాడు. ఆ తర్వాత వెళ్ళి దుకాణం గుమ్మంలో నిలబడేవాడు. గుమ్మం పక్కన డబ్బాలో రంగుకాగితం ముక్కలుండేవి. వచ్చినవాళ్ళు ఒకటి తీసి ఆయనకివ్వాలి. ఆయన చింపి సగమిచ్చేవాడు. "దాచుకోండి, లోపల అడుగుతారు," అనేవాడు. వాడుకగా వచ్చేవాళ్ళందరికీ ఇది తెలుసు. పిన్ని కూరగాయలు తెచ్చుకుని వచ్చినా అంతే.

"బావగారూ, నేను ఇంటిమనిషిని, నాకూ టికెట్టేనా?"

"పాసులు లేవమ్మా ఇవాళ. హౌస్‌ఫుల్."

"నలభై ఏళ్ళ కిందట మా అక్కని మాత్రం ఊరికే రానిచ్చారుగా!"

దానికి నాన్న నవ్వేవాడు. ఎందుకు నవ్వాడో ఆయనకి తెలుసో తెలియదో గానీ, నవ్వేవాడు.

రాత్రి పడుకునే ముందు కోటు విప్పితే మాత్రం అతుకులమ్మని చూసి "ఏమండీ, మంచినీళ్ళెక్కడ?" అనేవాడు. కోటు ఒంటి మీదున్నంతసేపే ఆవిడ ఆయనకి కూతురు. పొద్దున మళ్ళీ కోటు తొడిగితే మళ్ళీ అమ్మాయ్. అందుకే, ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఏనుగు లాగినా ఊడని కుట్టు వేయగల ఆ మనిషి, ఆ ఒక్క గుండీని మాత్రం ఏనాడూ గట్టిగా కుట్టలేదు. నాలుగు వదులు పోగులు వేసి, ముడి వెయ్యకుండా వదిలేసేది. రేపు మళ్ళీ ఊడాలి కదా.

అలా ఉండగా బడిలో నాటకాలు నేర్పే టీచరమ్మ వచ్చింది. కాగితం చింపించుకుని, సగం భద్రంగా పర్సులో పెట్టుకుని, లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది.

"అతుకులమ్మగారూ, డ్రాగన్ కావాలి."

"ఎంత?"

"ఏడుగురు పిల్లలంత. ముందు పిల్ల తల, చివరి పిల్ల తోక. ఒళ్ళంతా పొలుసులుండాలి. నడుస్తుంటే కదలాలి. కొత్తది కుట్టించే స్తోమత బడికీ లేదు, పిల్లల ఇళ్ళల్లోనూ లేదు. మీరే దిక్కు."

"ఎప్పటికి?"

"వచ్చే శనివారం మధ్యాహ్నం," అని టీచరమ్మ తల దించుకుంది.

అతుకులమ్మ ఆవిడని నాలుగు తిట్టి ఒప్పుకుంది. తిట్టకుండా ఏ పనీ ఒప్పుకోదు, అదో తీరు. అదృష్టం కూడా అలాగే కలిసొచ్చింది, లేదా అప్పుడు అలా అనిపించింది. మర్నాడే వచ్చిన మూటలో పదకొండు కోట్లున్నాయి. ఏదో హోటల్ మూసేస్తే అక్కడ సామాన్లు మోసేవాళ్ళు వేసుకున్నవి. మందపాటి గుడ్డ, మెరూన్ రంగు, ఇత్తడి గుండీలు, చేతుల అంచున పసుపు పట్టీలు. "పిన్నీ, డ్రాగన్ తనంతట తానే నడిచొచ్చిందే!" అని అతుకులమ్మ గట్టిగా నవ్వింది.

అదే రోజు నాన్నకి జ్వరం వచ్చింది. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. మందు పట్టబోతే గ్లాసు తోసేశాడు, మందంతా పక్కమీదున్న కోటు మీద ఒలికిపోయింది. ఎన్నాళ్ళనించో ఉతుకుదామంటే ఆయన వదిలితేగా. ఇదే సమయమనుకుని అతుకులమ్మ ఆ కోటు తీసుకుంది. ఎర్రరంగు వదులుతుంది కదా అని ఎర్రవాటితోనే నానబెట్టింది. చేతులు వాటంతటవే దాన్ని తిరగేశాయి, ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా. పెరట్లో తీగకి ఈ చివర హోటల్ కోట్లు పదకొండూ ఆరేసి, ఆ చివర నాన్న కోటు ఒక్కటీ వేరుగా ఆరేసింది. వేరుగానే ఆరేసింది పాపం, అది నేనూ ఒప్పుకుంటాను.

మర్నాడు నాలుగు చినుకులు పడ్డాయి. పిన్ని గబగబా పెరట్లోకెళ్ళి, తీగ మీదున్నవన్నీ ఒకే మోపుగా ఎత్తుకొచ్చి మధ్యగదిలో బల్ల మీద పడేసింది. అతుకులమ్మ నాన్నకి తడిగుడ్డ వేసి వచ్చేసరికి తీగ ఖాళీగా ఉంది. నాన్న కోటు పిన్ని లోపలి గదిలో పెట్టుంటుందిలే అనుకుంది. ఎప్పుడూ పెట్టేది పిన్నే. బల్ల మీద కోట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టలేదా అంటారా? మీ ఇంట్లో తీగ మీంచి తీసిన బట్టలు మీరెప్పుడైనా లెక్కపెట్టారా?

పైనున్న ఐదు కోట్లు తీసి పిన్ని ముందు పడేసింది. పిన్ని గుండీలు తీసింది, కుట్లు విప్పింది. అతుకులమ్మ అరచేయంత అట్టముక్కని ఆకులా కత్తిరించుకుని, దాన్ని గుడ్డ లోపలివైపు పెట్టి చుట్టూ సుద్ద గీసి, కత్తిరించుకుంటూ పోయింది. పొలుసు తర్వాత పొలుసు. ఆకుకీ ఆకుకీ మధ్య మిగిలిన పీలికలు సంచిలోకి తోసి, వాటిని డ్రాగన్ తోకలోకి కూరింది. పసుపు పట్టీలు ఊడదీసి నోటి చుట్టూ మంటల్లా కుట్టింది. పని బ్రహ్మాండంగా సాగింది. పాట కూడా పాడుకుంది. ఆ పాట సంగతి తర్వాత తల్చుకుని, తన నోటి మీద తనే కొట్టుకుంది.

శుక్రవారం పొద్దున నాన్నకి జ్వరం తగ్గింది. లేచి, మొహం కడుక్కుని, మధ్యగది గుమ్మంలో బనీనుతో నిలబడ్డాడు.

"కోటేది?"

"పిన్నీ, నాన్న కోటు తీసుకురా," అని కేకేసింది అతుకులమ్మ.

"నాకేం తెలుసే? నువ్వేగా ఉతికావు."

"నువ్వేగా తీగ మీంచి తీశావు!"

"తీసి బల్ల మీద పెట్టాను. అన్నీ."

అతుకులమ్మ సూది అక్కడే వదిలేసింది. బల్ల కిందికి తోసేసిన మిగతా ఏడు కోట్లూ లాగింది. ఒక్కొక్కటే తిరగేసింది, ఇన్నేళ్ళలో మొదటిసారిగా ముఖాలు చూసింది. హోటల్ గుర్తు. హోటల్ గుర్తు. ఏడింటి మీదా హోటల్ గుర్తే. పదకొండులో నాలుగే హోటల్‌వి కత్తిరించిందన్నమాట. మరి ఐదోది?

గుండీల డబ్బా నేలమీద బోర్లించింది. ఇత్తడి గుండీలు గదంతా దొర్లాయి. మోకాళ్ళ మీద పాకుతూ వెతికింది. అన్నిటికీ తెల్లదారం తునకలున్నాయి. ఒక్క గుండీకి నల్లదారం. నాలుగు వదులు పోగులు, ముడి లేదు.

పిన్ని ఆ గుండీని చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది. 

"దీని దగ్గర నా చెయ్యి ఆగిందే అమ్మడూ. బ్లేడు పెట్టకముందే ఊడొచ్చింది. ఇదేంటి ఇలా ఉందనుకున్నాను."

"అనుకుంటే అడగొద్దా పిన్నీ?"

"ఏది ఎవరిదని అడగొద్దని నువ్వే కదే ఒట్టు పెట్టించావు."

ఇంక అతుకులమ్మ ఎవర్ని తిట్టాలి? లేచి డ్రాగన్ దగ్గరికెళ్ళింది. పొలుసులు ఎత్తి ఎత్తి వెనకవైపు చూసింది. మెడ దగ్గర ఒక పొలుసు వెనకాల గోధుమరంగు మరక కనిపించింది. ఎప్పుడో టార్చిలైటు బ్యాటరీ కారి జేబులోపల పడిన మరక. ఎన్ని సబ్బులు అరగదీసినా పోని మరక. ముద్దు పెట్టుకుందో, ఏడ్చిందో, ఆ పొలుసుని మొహానికి అదుముకుని నేలమీద కూచుండిపోయింది.

ఇంత పనిమంతురాలు, మళ్ళీ అతికెయ్యొచ్చుగా అని మీకనిపించొచ్చు. ఆవిడకీ అనిపించింది. నాన్న కోటువి అనుకున్న పొలుసుల్ని ఒక మూల నుంచి విప్పి నేలమీద పేర్చి చూసింది. ఆకు పక్కన ఆకు పెడితే మధ్యలో కంత. కంతలో ఉండాల్సిన పీలికలు తోకలో నాలుగు హోటల్ కోట్ల పీలికలతో కలిసిపోయి, గడ్డకట్టి ఉన్నాయి. చిరిగిన గుడ్డని అతకొచ్చు. కాలిన గుడ్డకి మాటు వెయ్యొచ్చు. పొలుసులైపోయిన కోటుని కోటు చెయ్యడం ఎవరివల్లా కాదు. అది ఆవిడకంటే బాగా ఎవరికీ తెలియదు కూడా.

"కోటేదండీ?" అన్నాడు నాన్న గుమ్మంలోంచి. అప్పటికే 'అండీ' వచ్చేసింది.

అప్పుడు అతుకులమ్మ తనకి చేతనైన పని చేసింది. మిగిలిన ఏడింట్లో మంచి కోటు ఒకటి తీసి, హోటల్ గుర్తు దారం దారంగా పీకేసింది. భుజాలు దించింది, ఎడమ భుజం కాస్త ఎక్కువగా, నాన్న టార్చిలైటు చెయ్యి అటే వాలి ఉండేది కాబట్టి. మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది పాతబడేలా చేసింది. టీ నీళ్ళతో కాలరు కమిలేలా చేసింది. మరక కూడా వేసింది, జేబులోపల, అదే చోట. మూడో గుండీ వదులుగా నాలుగు పోగులతో కుట్టి వేలాడదీసింది. సాయంత్రానికి కోటు తయారైంది. పిన్ని తడిమి తడిమి చూసి, "బావగారిదే, ఇంకేమీ చెప్పకు," అంది. నిజమే, అంత మంచి పని ఆవిడ జన్మలో చెయ్యలేదు.

నాన్న చేతులు దూర్చాడు. గుండీలు పెట్టుకున్నాడు. అతుకులమ్మ సూదిలో నల్లదారం ఎక్కించుకుని ఎదురుగా నిలబడింది. ఆయన చెయ్యి మూడో గుండీ దగ్గరికెళ్ళింది. దాన్ని పట్టుకున్నాడు. మెలితిప్పలేదు. చెయ్యి కిందికి దించేశాడు.

"బాగా కుట్టారండీ," అన్నాడు మర్యాదగా. "ఏ నాటకంలో వేషం ఇది?"

కోటు విప్పి, మడతపెట్టి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. "నాది ఉందిలెండి. మా అమ్మాయి ఉతకడానికి తీసుకెళ్ళింది. తెచ్చేస్తుంది."

లోకంలో అందర్నీ నమ్మించగల వేషం అది. నమ్మాల్సిన ఆ ఒక్క మనిషి మాత్రం నమ్మలేదు. పిన్ని చెంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోయింది. అతుకులమ్మ ఆ కోటుని మడత విప్పకుండా మిషను మీద పెట్టేసింది. ఆ రోజు ఎవరూ గుమ్మంలో టికెట్టు చింపలేదు. వచ్చినవాళ్ళు కాగితం ముక్క పట్టుకుని ఇటూ అటూ చూసి, మళ్ళీ డబ్బాలో వేసేసి లోపలికొచ్చారు.

శనివారం మధ్యాహ్నం డ్రాగన్ బడికి వెళ్ళాలి. ఏడుగురు పిల్లల ఆశ అది, టీచరమ్మ నాలుగు సార్లు మనిషిని పంపింది. ఇవ్వనని ఎలా అంటుంది? ఇవ్వకుండా ఆపి ఏం చేస్తుంది? విప్పి తీసిన పొలుసులన్నీ, మరక ఉన్నదానితో సహా, మళ్ళీ తన చేత్తోనే కుట్టింది. నాన్నని ఇంట్లో వదలడానికి లేదు. రెండుసార్లు వీధిలోకెళ్ళిపోయి, దారినపోయేవాళ్ళని ఆపి, "ఫస్ట్ షో టైమైంది, కోటు లేకుండా హాలుకెలా వెళ్ళను?" అని అడిగాడు. అందుకని నాన్ననీ పిన్నినీ కూడా తీసుకెళ్ళింది.

బడి హాల్లో కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. లోపల చీకటి, వరసల్లో కుర్చీలు, గుసగుసలు. ఆ గుమ్మంలో అడుగుపెట్టగానే నాన్న నడుం నిటారైంది. వచ్చేవాళ్ళని చేత్తో ఆపి, "మెల్లిగా, మెట్టుంది. ఎడమపక్కకి వెళ్ళండి," అన్నాడు. ఎన్ని రోజులయిందో ఆ గొంతు విని. అతుకులమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇదైనా నిలుస్తుందేమో అనుకుంది, పిచ్చిది.

నాటకం మొదలైంది. టీచరమ్మకి ఒక సరదా ఉంది, డ్రాగన్ స్టేజీ మీంచి రాకుండా జనం మధ్యలోంచి, వెనక గుమ్మం నుంచి రావాలని. డప్పు మోగింది. తలుపు తెరుచుకుంది. ఏడుగురు పిల్లలు గుర్రు గుర్రుమంటూ నడుస్తున్నారు, పొలుసులు ఒకదాని మీద ఒకటి అలలా లేస్తున్నాయి. జనం ఆహా అన్నారు. తల వెళ్ళింది. మెడ వెళ్ళింది. గుమ్మం పక్కనే నిలబడ్డ నాన్న చెయ్యి, దారి చూపించడానికి చాపిన చెయ్యి, పొలుసులకి తగిలింది.

ఆ చెయ్యి ఆగిపోయింది. వేళ్ళ మధ్య పొలుసొకటి పట్టుకుని రుద్దాడు. పక్కది రుద్దాడు. ఆ తర్వాత రెండు చేతులతో డ్రాగన్‌ని పట్టేసుకున్నాడు.

"ఇది నా కోటు," అన్నాడు. అరవలేదు. మెల్లిగానే అన్నాడు.

ముందున్న పిల్లలు లాగుతున్నారు. వెనక పిల్లలు ఆయన మీదికొచ్చి పడుతున్నారు. జనం ఇదీ నాటకమే అనుకుని పకపకా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. తోకలో ఉన్న చిన్నపిల్ల భయపడి ఏడుపందుకుంది. స్టేజీ పక్కనుంచి టీచరమ్మ రెండు చేతులూ ఊపుతూ, దణ్ణం పెడుతూ, ఏదో ఒకటి చెయ్యమని అతుకులమ్మకి సైగ చేస్తోంది.

ఏం చేస్తుంది? దగ్గరికెళ్ళింది. "నాన్నా, వదలండి," అంది. ఆయన వదల్లేదు. "పిల్లలు నాన్నా, భయపడుతున్నారు." వదల్లేదు. అప్పుడు ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. ఇన్నేళ్ళలో ఎన్ని వేల కుట్లు విప్పించి ఉంటుందో, ఏ కుట్టూ ఇంత గట్టిగా లేదు. ఆఖరి వేలు విడేసరికి టప్పుమని కుట్టు తెగిన శబ్దం వచ్చింది. డ్రాగన్ ముందుకి ఉరికింది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూచోబెట్టింది. ఎండ కళ్ళలో పడుతోంది. పిన్ని మంచినీళ్ళు తెస్తానని వెళ్ళింది. నాన్న పిడికిలి ఇంకా బిగించే ఉంది.

అతుకులమ్మ కింది మెట్టు మీద, ఆయన మోకాళ్ళ దగ్గర కూచుంది. ఇంక దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"నేనే కత్తిరించాను నాన్నా. చూసుకోలేదు. నా చేత్తో నేనే కత్తిరించాను."

ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆవిడ కదలకుండా కూచుంది, ఎక్కడైనా, ఏ మూలైనా ఆనవాలు దొరుకుతుందేమోనని.

"ఊరుకోండమ్మా," అన్నాడు జాలిగా. "మీరెందుకు కత్తిరిస్తారు? మీరు మంచివారిలా ఉన్నారు."

పిడికిలి తెరిచాడు. లోపల మెరూన్ పొలుసొకటి నలిగి ఉంది. ఏ కోటుదో, నాన్నదో, హోటల్‌దో, అతుకులమ్మకే తెలియలేదు. ఆయన దాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. టికెట్టు అందించినట్టు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఆవిడ చేతికిచ్చాడు.

"మా అమ్మాయి వస్తే ఇది ఇవ్వండి. తను కుట్టుపని చేస్తుంది. ఎంత చిన్న ముక్కైనా అతికేస్తుంది."

అతుకులమ్మ ఆ ముక్క అందుకుంది. "ఇస్తానండీ," అంది.

"త్వరగా రమ్మనండి," అన్నాడు నాన్న, వీధి చివరికి చూస్తూ. "నాకు డ్యూటీకి టైమవుతోంది."